బురదలో పడుకోవడం నేర్పిన మాస్టారు

మాస్టారు పోయారని ఆయన కూతురు పొద్దున్నే ఫోన్ చేసింది. కువైట్‌లో, బ్నీద్ అల్ గార్ పేటలోని మా ఫ్లాట్ వంటగదిలో నిలబడి ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. "నాన్నగారు ఇంక లేరక్కా" అంది. ఆ అమ్మాయి ఇక్కడే నర్సు. ఎన్ని చావులు చూసిందో ఏమో, గొంతు వణకలేదు. నాకు మాత్రం ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయనకూ నాకూ మధ్య ఒక తగువు నడుస్తోంది. అది తేలకుండానే ఆయన లేచి వెళ్లిపోయారు.

చచ్చినవాడి కళ్లు చారెడని సామెత. ఆయన కళ్లను నేను చారెడు చేయబోవడం లేదు. మాస్టారు కోపిష్టి, మొండి మనిషి. ఒకసారి కక్ష పెట్టుకుంటే వదిలే రకం కాదు. మాటకారితనంతో ఎవరినైనా ఏడిపించేవారు, అందులో ఆడా మగా చూసేవారు కాదు. మనిషి పోయాక అందరినీ క్షమించేసి నాలుగు మంచి మాటలు రాయడం మర్యాద అంటారు. ఆ మర్యాద నా వల్ల కాదు. ఈ నాలుగు పేజీల్లో నేను క్షమించని వాడు ఒకడున్నాడు. వాడి గురించి చెప్పకుండా మాస్టారి గురించి చెప్పడం కుదరదు.

మాస్టారిది కోనసీమ. కువైట్‌లో మన పిల్లలు చదివే ఒక బడిలో జీవశాస్త్రం చెప్పేవారు. మాది కడప వైపు. మేం "సార్" అంటాం. "సారేంటే, సారూ గీరూ! మాస్టారూ అనలేవా?" అని కసిరేవారు. ఎదురుగా ఉన్నంతసేపూ నేను సార్ అనే పిలిచాను. ఆయన లేనప్పుడు మాత్రం మాస్టారు అనేదాన్ని, ఇప్పుడు రాస్తున్నట్టే.

మా నాయన జహ్రాలో ఒక కువైటీ ఆసామి కార్ల షెడ్డులో ఫోర్‌మన్. శుక్రవారం సెలవు కాబట్టి షెడ్డు వ్యాన్‌లో మా నలుగురైదుగురు పిల్లల్ని, మాస్టారిని ఎక్కించుకుని జహ్రా దగ్గరి సముద్ర తీరానికి తీసుకెళ్లేవాడు. అక్కడ సముద్రం వెనక్కి తగ్గితే మైలు దూరం బురదే. ఎండకు పైన పెచ్చు కట్టి గట్టి నేలలా మెరుస్తుంటుంది. ఆ బురద మీద గెంతుతూ తిరిగే చేపలు ఉంటాయి. కువైటీ పిల్లలు వాటిని బూ షలంబో అంటారు. నత్తలు పాకే చోట కాలు పెట్టొచ్చు, ఆ చేపలు గెంతే చోట పెట్టకూడదు, అదీ మాస్టారి మొదటి పాఠం. రెండో పాఠానికి మాత్రం తల్లులందరూ ఆయన్ని తిట్టుకునేవారు. కొత్తగా చేరిన ప్రతి పిల్లనీ, ప్రతి పిల్లాణ్ణీ ఆయన బురదలో వెల్లకిలా పడుకోబెట్టేవారు. అది అయ్యేదాకా పిట్టల్ని చూడనిచ్చేవారు కాదు.

"దిగబడ్డావనుకో, ఏం చేస్తావ్? కాలు పీక్కుంటావ్. ఒక కాలు పీకితే రెండోది ఇంకా లోపలికెళ్తది. నిలబడదామనుకున్నవాణ్ణే బురద మింగుద్ది. పడుకో. చేతులు బార్లా చాపు. ముందు ఒక మడమ లాగు, మెల్లగా. తర్వాత రెండోది. ఆనక దొర్లుకుంటూ వచ్చెయ్. సిగ్గుపడకే, బురదకి సిగ్గేంటి!"

అలా పడుకుని ఇంటికెళ్లిన మొదటిరోజు మా అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపేసింది. "పెండ్లి కావాల్సిన పిల్లను బురదలో పొర్లిచ్చేదేంది ఆ అయ్యవారు? ఆయప్పకు మతి ఉందా లేదా?" అని నాయన మీద ఎగిరింది. నాయన నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాతి శుక్రవారం తనూ పోయి పడుకున్నాడు. "సార్, మీ పాఠం బాగుండాది గానీ, చొక్కా ఉతికేది మా ఆడమనిషి. ఆమెకు మీరే చెప్పుకోవాల" అన్నాడు. మాస్టారు పగలబడి నవ్వారు. ఇద్దరికీ స్నేహం అక్కడ కుదిరింది. ఒకరు ఇనుము తెలిసినవాడు, ఒకరు పిట్టలు తెలిసినవాడు. ఏం మాట్లాడుకునేవారో గానీ, చాయ్ ఫ్లాస్కు ఖాళీ అయ్యేదాకా వ్యాన్ నీడలోంచి కదిలేవారు కాదు.

ఆ తీరానికి ఎండలు తగ్గుముఖం పట్టే వేళకి ఉల్లంకి పిట్టలు దిగేవి. పిడికెడంత పిట్ట. ఉత్తర ధ్రువం దగ్గర మంచు దేశంలో గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, ఈ బురదకి మేతకొస్తుంది. మాస్టారు బడి డబ్బుతో కొన్న దూరదర్శినిని మూడుకాళ్ల మీద నిలబెట్టి మాకు చూపించేవారు. "ఇది దాని అత్తారిల్లే. పుట్టిల్లు చాలా దూరం. నువ్వు ఎప్పుడైనా ఎళ్లి దాని పుట్టిల్లు చూసి రా, నాకు చెప్పు" అనేవారు. వేళాకోళానికి అన్నారో నిజంగా అన్నారో, నేను మాత్రం పట్టుకున్నాను. పై చదువుకి బయటి దేశం వెళ్లాక, ధ్రువానికి దగ్గర్లోని ఒక దీవిలో వేసవి పరిశోధనకి విద్యార్థులు కావాలంటే అందరికంటే ముందు చెయ్యి ఎత్తాను. నాయన ఫోన్‌లో "చలిదేశం పోతాండావు, చెవులకు గుడ్డ కట్టుకో మ్మే" అన్నాడు. నాయన గొంతు నేను విన్నది అదే ఆఖరు.

ఆ దీవిలో సూర్యుడు అస్తమించడు. ఆకాశం అంచున చుట్టూ తిరుగుతుంటాడు. నేల పైపైన కరిగి చిత్తడిగా ఉంటుంది, జానెడు లోతున మంచు గడ్డ. మా పని ఉల్లంకి గూళ్లు వెతకడం, పిల్లల కాళ్లకి సన్నటి లోహపు కడియాలు తొడగడం, చుట్టుపక్కల నీటిని, బురదని సీసాల్లో పట్టడం. ఎలుగుబంట్ల భయానికి ఒకరు తుపాకీ భుజాన వేసుకుని తిరిగేవారు. ఒకరోజు ఏటి మూతి దగ్గర నేను తొడలదాకా దిగబడ్డాను. నాతో ఉన్న ఆరడుగుల తెల్లబ్బాయి కంగారుపడి నా చేతులు పట్టి గుంజబోయాడు. "వదులు, నన్ను ముట్టుకోవద్దు" అని కేకేసి, ఆ మంచునీళ్ల బురదలో వెల్లకిలా పడుకున్నాను. ఒక మడమ, తర్వాత రెండో మడమ. ఒక బూటు అక్కడే పోయింది, నేను బయటికొచ్చాను. ఆ వారమే మాస్టారికి ఉత్తరం రాశాను, మీ బురద పాఠం ఇక్కడ మంచులోనూ పనిచేస్తోందని. అదృష్టం, ఆ ఉత్తరం ఆయనకి చేరింది. ఆ తర్వాత కువైట్‌కి ఉత్తరాలు చేరడమే ఆగిపోయింది.

ఆగస్టు మొదట్లో మా గుడారం రేడియో చెప్పింది, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిందని. వేసవి సెలవులని అమ్మ అప్పటికే కడప వెళ్లి ఉంది. నాయన ఒక్కడే జహ్రాలో ఉన్నాడు. ఆ దీవి నుంచి కదలడానికి పడవ రావాలి, అది నెలాఖరుకి గానీ రాదు. నేను పిట్టలకి కడియాలు తొడుగుతూనే ఉన్నాను. చేతిలో పిట్ట గుండె టకటకా కొట్టుకునేది. "మా నాయన ఉన్న చోటికే పోతాండావు. నువ్వు పోగలవు, నేను పోలేను" అని ఒక్కో పిట్టకీ చెప్పి వదిలాను. నాకు మతి చెడిందని ఆ తెల్లబ్బాయి అనుకుని ఉంటాడు.

నాయన చనిపోయాడన్న కబురు నాకు కడప మీదుగా వచ్చింది. కువైట్ నుంచి ఎడారి దాటి, విమానాలెక్కి తప్పించుకుని వచ్చినవాళ్లు ఎవరో అమ్మకి చెప్పారట. ఎలా పోయాడో వాళ్లకీ తెలియదు. అది మాస్టారు చెబితే తెలిసింది.

యుద్ధం అయిపోయాక, చమురు బావులు ఇంకా మండుతుండగానే, చమురులో తడిసిన పిట్టల్ని కడిగే బృందంతో నేను కువైట్ వచ్చాను. ఆ పొగకి మధ్యాహ్నం కూడా దీపాలు పెట్టుకునే రోజులవి. నేనొచ్చానని తెలిసి మాస్టారే తీరానికి వెతుక్కుంటూ వచ్చారు. సగమయ్యారు. నన్ను బ్నీద్ అల్ గార్‌లోని తన ఇంటికి తీసుకెళ్లి, మసి పడకుండా టీ గ్లాసు మీద సాసరు మూతపెట్టి ఇచ్చారు. తర్వాత జేబులోంచి ఒక బండి తాళం తీసి నా చేతిలో పెట్టారు.

జహ్రా షెడ్డుని ఒక ఇరాకీ అధికారి ఆక్రమించాడు. ఆసామి కుటుంబం వేసవికని ముందే దేశం దాటి ఉంది. షెడ్డులో వాళ్ల తెల్ల జీపు ఉంది, కొత్తది. అధికారికి అది కావాలి. తాళం కనిపించలేదు. వైర్లు కలిపి స్టార్ట్ చెయ్యమని మా నాయనని అడిగాడు. నాయనకి అది చిటికెలో పని. "బండి ఎవురిదో వాళ్లు చెప్పాల. తాళం లేని బండి నా చేత్తో కదల్దు" అన్నాడు. హిందీలో అన్నాడట, మళ్లీ అరబ్బీలో అన్నాడట, తుపాకీ మడమతో పొట్టలో పొడుస్తుంటే తెలుగులో అన్నాడట. అప్పుడు ఆ తాళం నాయన మొలతాడుకి కట్టి ఉంది. షెడ్డు కుర్రాళ్లు నాయనని చాపలో మోసుకొచ్చి మాస్టారి ఇంట్లో దించారు. మాస్టారు భార్యనీ చంటిపిల్లనీ విమానానికి పంపేసి, నాయన కోసం ఆగిపోయారు. నాయన లోపల నెత్తురు కారి కారి పోయాడు. మాస్టారు ఒక్కరే ఇసుకలో గొయ్యి తవ్వి పూడ్చారు.

"నన్ను కూడా పొమ్మన్నారే అందరూ. మీ నాన్నని ఆ ఇసకలో ఒక్కణ్ణే వదిలేసి ఎలా పోనూ?" అన్నారు. తర్వాత గొంతు మారింది. "పైగా అప్పటికి వాడు ఆ జీపులోనే తిరుగుతున్నాడు. ఇంకెవడి చేతో స్టార్ట్ చేయించుకున్నాడు. రోజూ నా కళ్ల ముందు నుంచే పోతున్నాడు."

తరవాత జరిగింది మాస్టారు రెండు ముక్కల్లో చెప్పారు. ఆయన దూరదర్శిని భుజాన వేసుకుని ఆ అధికారి కాపలా ఉన్న తీరానికి వెళ్లారు, పట్టుబడటానికే వెళ్లారు. పట్టుకున్నారు. గూఢచారివా అన్నారు. ఇండియా మాస్టర్ని, పిట్టలు చూస్తాను, ఈ తీరంలో ప్రతి అడుగూ తెలుసు అన్నారు. అధికారికి కావాల్సింది అదే, నీళ్లు తగ్గినప్పుడు తీరం వెంట బండ్లు నడిచే దారి. "నువ్వు ముందు నడు" అన్నాడు, నమ్మకం లేక. మాస్టారు చెప్పులు విప్పి, బూ షలంబోలు గెంతే చోట, పెచ్చు మీద కాలు నిలపకుండా గబగబా నడిచి చూపించారు. బక్క మనిషి, నడవడం తెలిసినవాడు. పెచ్చు ఆయన్ని మోసింది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపారు, రమ్మని. జీపు వచ్చింది, ఇరుసుదాకా దిగింది, తర్వాత తలుపుదాకా. అధికారి బూట్లతో బురదలోకి దూకాడు. అప్పటికే సముద్రం తిరిగి వస్తోంది.

"గట్టు మీద ఇద్దరు జవాన్లు ఉన్నారే. ఒకడు తాడు తేవడానికి ఎళ్లాడు. ఎంత నెమ్మదిగా ఎళ్లాడో! రెండోవాడు నన్ను చూసి 'యల్లా, రూహ్', పో పో అని తల తిప్పేసుకున్నాడు. వాడికేం బాధలున్నాయో. నేను వచ్చేసాను. బురదలో వాడు రాలేదు."

ఆ రోజు నేను గ్లాసు కింద పెట్టి మాస్టారి కాళ్లకి దండం పెట్టాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అంత సంతోషం నాకు చదువు ఇవ్వలేదు, పెళ్లి ఇవ్వలేదు. నాయన్ని చంపినవాడు నోట్లోకి బురద పోతుంటే ఎలా చూశాడో ఊహించుకుంటూ ఎన్నో పగళ్లు గడిపాను. ఆసామి లండన్ నుంచి తిరిగొచ్చి, నా ముందు కళ్లు తుడుచుకుంటూ "బండిదేముందమ్మా, ఇచ్చేస్తే పోయేది కదా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆ మాటకి ఆయన మీద కూడా నాకు కక్షే.

నేను ఇక్కడే ఉద్యోగం చూసుకున్నాను. తీరంలో మందుపాతరలు ఏరేశాక ఏటా పిట్టలు దిగే వేళకి మాస్టారూ నేనూ అక్కడికి వెళ్లేవాళ్లం. అధికారి శవాన్ని ఎప్పుడో తీసుకుపోయారు, జీపుని మాత్రం ఎవరూ లాగలేకపోయారు. సముద్రం బాగా వెనక్కి తగ్గిన రోజున దాని పైకప్పు అంచు తుప్పు పట్టి బెత్తెడు పైకి కనిపించేది. నేను దాని వైపు తిరిగి ఉమ్మేదాన్ని. అదొక మొక్కుబడి. మాస్టారు ఉమ్మేవారు కాదు, దూరదర్శిని అద్దం తుడుచుకుంటూ నిలబడేవారు. ఆయనకి ఎడమ చెవి వినపడేది కాదు. నేను అటువైపు నిలబడితే "ఇటు రా, ఆ చెవికి సెలవిచ్చాను" అనేవారు. ఎలా పోయిందంటే చీమ దూరిందనేవారు, ఇంకోసారి పిల్లల గోల అనేవారు.

ఆయన ఆసుపత్రిలో ఉండగా ఒక సాయంత్రం చూడ్డానికి వెళ్లాను. కూతురి పిల్లలు మంచం చుట్టూ ఉన్నారు. వాళ్లకి తాతగారి గొప్ప చెప్పాలని నేను జీపు కథ మొదలుపెట్టాను. "వాడు మునిగిపోతాంటే మీ తాత ఒక్క మాట మాట్లాడలా. నిలబడి చూసినారు" అన్నాను.

మాస్టారు కళ్లు తెరిచారు. "మాట్లాడకుండా కాదే" అన్నారు.

పిల్లల్ని బయటికి పంపేశారు. "నేను పడుకోమని చెప్పాను వాడికి."

నాకు అర్థం కాలేదు.

"వాడు నడుందాకా దిగాడు. నేను పది అడుగుల్లోనే ఉన్నాను. చెప్పకూడదనే ఎళ్లానే, మీ నాన్న మీద ఒట్టు. నోరు ఊరుకోలేదు. పడుకో, పడుకో అని అరిచాను. అరబ్బీ రాలేదు, తెలుగులో అరిచాను. వాడికి తెలియడం లేదని నేనే ఆ బురదలో వెల్లకిలా పడి, చేతులు చాపి చూపించాను, ఇలాగా అని. ఎక్కిరిస్తున్నాననుకున్నాడు. తుపాకీ తీసి కాల్చాడు. ఈ చెవి పక్క నుంచి పోయింది. నేను దొర్లుకుంటూ వచ్చేసాను. వాడు నిలబడే ఉన్నాడే. ఆఖరిదాకా నిలబడే ఉన్నాడు."

నా ఒళ్లు మండిపోయింది. ఆసుపత్రి అని కూడా చూడలేదు. "మా నాయన్ను సంపినోడు సార్ వాడు! వానికెందుకు చెప్పినారు? వాడు మీ మాట విని పండుకొని ఉంటే? బయటికొచ్చి ఉంటే?"

"వచ్చి ఉంటే వచ్చేవాడు. ముందు నన్ను కాల్చేవాడు."

"నేనైతే చెప్పేదాన్ని కాదు."

"ఆయ్, నువ్వు చెప్పవు. నువ్వు పంతులమ్మవి కాదుగా. నీకు చెప్పాను, ఆ మంచులో బతికావ్, ఉత్తరం రాసావ్. ఆ ఉత్తరం అప్పుడు నా జేబులోనే ఉందే. దిగబడినోడు కనపడితే ఇంక నా నోరు నా మాట వినదు. దారి తప్పు చూపించింది నేనే, దానికి నాకేం బాధ లేదు. కక్ష కక్షే." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "అయినా పాఠం ఒకడికి చెప్పి ఒకడికి దాస్తే ఎలాగే?"

ఆయన గోడవైపు తిరిగి, ఆ సెలవిచ్చిన చెవిని నా వైపు పెట్టి నిద్రపోయారు. ఇంటికొచ్చి జవాబు వెతుక్కున్నాను. నాయన్ని చాపలో మోసుకొచ్చిన సంగతి గుర్తుచేద్దామనుకున్నాను, వాడికి పాఠం నేర్చుకునే అర్హత లేదందామనుకున్నాను. ఒక్కటీ ఆయన ముందు నిలబడేలా లేదు. ఇంకా వెతుకుతుండగానే ఫోన్ వచ్చింది.

ఇక్కడ మనవాళ్లకి దహనం లేదు. ఇఖామా అనే నివాస అనుమతి రద్దు చేయించి, కాగితాల మీద ముద్రలు వేయించి, చెక్కపెట్టెని విమానం కార్గోలో ఊరికి పంపాలి. ఆ తిరుగుడంతా నేనే తిరిగాను. పెట్టె మూసే ముందు చూశాను. చేతులు ఒంటికి ఆనించి బిగించారు. నాకది నచ్చలేదు. చేతులు చాపి పడుకోవాల్సిన మనిషి.

ఆ శుక్రవారం ఒక్కదాన్నే తీరానికి వెళ్లాను. సముద్రం బాగా తగ్గి ఉంది. జీపు అంచు బెత్తెడు కనిపిస్తోంది, దాని మీద నాలుగైదు ఉల్లంకులు. ఈ ఏడు మంచు నుంచి దిగిన మొదటి పిట్టలు. ఎప్పటిలాగే ఉమ్మాను. వాణ్ణి నేను క్షమించలేదు, రేపు కూడా క్షమించను. తర్వాత చెప్పులు విప్పి, నత్తలున్న చోట చూసుకుంటూ కొంత దూరం నడిచి, బురదలో వెల్లకిలా పడుకున్నాను. ఈ వయసులో, మంచి చీరతో. రెండు చేతులూ బార్లా చాపాను. వీపుకి చల్లగా తగిలింది. మెడ ఆ తుప్పు ఇనుము వైపు తిప్పి, గొంతు చించుకుని అరిచాను.

"పడుకోరా!"

వాడు ఈసారి కూడా వినలేదు. పిట్టలు గుప్పున లేచి, నీళ్ల మీద ఒక చుట్టు తిరిగి, మళ్లీ ఆ ఇనుము మీదే వాలాయి.